మెదడులో గడ్డ: ఎంత తీయాలో జన్యువు చెబుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. స్కాన్‌లో మెదడు గడ్డ బయటపడింది, ఆపరేషన్ అన్నారు. ఆ తర్వాత రిపోర్టులో ఐడీహెచ్, 1పీ/19క్యూ, ఎంజీఎంటీ అంటూ ఏవేవో మాటలు వచ్చాయి. వీటికీ ఆపరేషన్‌కీ ఏమిటి సంబంధం అని అడుగుతున్నారు. న్యూరోసర్జరీ, పాథాలజీ నిపుణులు కలిసి ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: మావారికి 31 ఏళ్లు. రెండు నెలల కిందట మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. ఎమ్మారైలో ఎడమ ఫ్రంటల్ లోబ్‌లో 4 సెంటీమీటర్ల గడ్డ ఉందని, 'లో గ్రేడ్ గ్లయోమా కావచ్చు' అని రాశారు. ఒక డాక్టరుగారు ఆరు నెలలు ఆగి చూద్దామన్నారు. ఇంకొకరు వెంటనే తీసేయాలన్నారు. ముందే రక్తపరీక్షతో జన్యువులు చూసుకుని నిర్ణయించుకోలేమా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: రక్తపరీక్షతో కుదరదమ్మా. ఈ గడ్డల డీఎన్‌ఏ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మెదడుకీ రక్తానికీ మధ్య ఉన్న అడ్డుగోడ దాన్ని బయటికి రానివ్వదు. వెన్నునీటిలో కొంత దొరుకుతుంది కానీ, పెద్ద గడ్డ ఉండి తలలో ఒత్తిడి పెరిగినవాళ్లకు వెన్నులో సూది వేయడమే ప్రమాదం. జన్యువు సంగతి నిక్కచ్చిగా తెలియాలంటే గడ్డ ముక్క కావాల్సిందే.

అయితే ముక్క తీయకముందే స్కాన్ కొన్ని ఆనవాళ్లు ఇస్తుంది. మీ దగ్గరున్న ఎమ్మారైలో టీ2, ఫ్లెయిర్ అనే రెండు రకాల బొమ్మలుంటాయి. టీ2లో గడ్డంతా తెల్లగా మెరుస్తూ, ఫ్లెయిర్‌లో లోపలి భాగం నల్లబడి, చుట్టూ గాజు తొడిగినట్టు తెల్లటి అంచు మాత్రమే మిగిలిందా అని రేడియాలజిస్టుని అడగండి. దీన్ని 'టీ2-ఫ్లెయిర్ మిస్‌మ్యాచ్' అంటారు. పెద్దవాళ్లలో ఇది స్పష్టంగా ఉంటే ఆ గడ్డ ఐడీహెచ్ అనే జన్యువులో మ్యుటేషన్ (మార్పు) ఉన్న ఆస్ట్రోసైటోమా అనే గ్లయోమా రకం కావడానికే అవకాశం చాలా ఎక్కువ. కనిపించనంత మాత్రాన అది కాదని కాదు. ఇక మామూలు సీటీ స్కాన్‌లో గడ్డలో సున్నం పేరుకున్నట్టు తెల్లటి చుక్కలూ చారలూ ఉండి, గడ్డ మెదడు పైపొర దాకా వచ్చి ఉంటే ఆలిగోడెండ్రోగ్లయోమా అనే ఇంకో రకమన్న అనుమానం బలపడుతుంది. చాలామందికి నేరుగా ఎమ్మారై తీసేస్తారు కాబట్టి ఈ సున్నం సంగతి తప్పిపోతుంది. సీటీ తీయకపోతే ఒకసారి అడగండి.

ఇంతకీ రకం తెలిస్తే ఆపరేషన్‌లో మారేదేమిటి? మెదడులోని ఆసరా కణాల నుంచి పుట్టే ఈ గ్లయోమాలకు గట్టు ఉండదు. చేలో తుంగ లాంటివి. పైన కనిపించింది పీకినా కింద గడ్డలు పక్కకు పాకే ఉంటాయి. కాబట్టి సర్జన్ ముందున్న ప్రశ్న మొత్తం తీయాలా వద్దా అన్నది కాదు. ఏ హద్దు దాకా వెళ్లాలి, ఆ హద్దు కోసం ఎంత ప్రమాదానికి సిద్ధపడాలి అన్నదే. ఈ లెక్క ఒక్కో రకానికీ ఒక్కోలా ఉంటుంది.

ఐడీహెచ్ మ్యుటేషన్ ఉన్న ఆస్ట్రోసైటోమా అయితే చివరి ఒకటి రెండు సీసీలకు కూడా విలువ ఉంది. 2018లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ బృందం గడ్డలను జన్యువుల ప్రకారం వేరుచేసి చూసింది. ఈ రకంలో 0.1 నుంచి 5 సీసీల మధ్య మిగిలినవాళ్లు కూడా, ఏమీ మిగలనివాళ్లతో పోలిస్తే తక్కువ కాలం బతికారు. ఇక్కడ సర్జన్ ఫ్లెయిర్‌లో కనిపించే అంచు దాకా, వీలైతే ఇంకాస్త అవతలికీ వెళ్లే ప్రయత్నం చేస్తారు.

ఐడీహెచ్ మ్యుటేషన్‌తో పాటు 1పీ, 19క్యూ అనే క్రోమోజోమ్ చేతులు రెండూ పోయి ఉంటే అది ఆలిగోడెండ్రోగ్లయోమా. ఇందులోనూ ఎక్కువ తీయడం మంచిదే. కానీ ఇది నెమ్మదిగా పెరుగుతుంది, రేడియేషన్‌కీ కీమోకీ బాగా లొంగుతుంది. అమెరికాలో గ్రేడ్ 3 గడ్డల మీద (గ్రేడ్ అంటే గడ్డ ఎంత ముదిరిందో చెప్పే అంకె) జరిగిన ఒక పరీక్షలో ఈ రెండు చేతులూ పోయినవాళ్లకు రేడియేషన్‌తో పాటు ప్రోకార్బజిన్, లోముస్టిన్, విన్‌క్రిస్టిన్ మందులు ఇస్తే మధ్యస్థ ఆయుర్దాయం, అంటే సగంమంది దాటిన కాలం, 14.7 ఏళ్లు వచ్చింది. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినప్పుడు 7.3 ఏళ్లు. అంత బాగా పనిచేసే మందు చేతిలో ఉన్నప్పుడు, మాటకు సంబంధించిన చోట అతుక్కున్న చివరి ముక్క కోసం మాటనే పణంగా పెట్టడం సరికాదని మా గట్టి అభిప్రాయం.

మూడోది ఐడీహెచ్ మామూలుగా ఉన్న గ్లయోబ్లాస్టోమా. ఇది ఎక్కువగా వయసు పైబడ్డవాళ్లలో, కాంట్రాస్ట్ మందు ఎక్కించాక ఉంగరంలా మెరుస్తూ కనిపిస్తుంది. ఇక్కడ మొదటి గురి ఆ మెరిసే భాగమంతా తీసేయడం. మిగిలింది 1 సీసీ లోపా, 5 సీసీల లోపా అన్నదాని మీద రానో అనే అంతర్జాతీయ నిపుణుల బృందం తరగతులు కూడా కట్టింది. గడ్డ వేగంగా పెరుగుతుంది కాబట్టి మనిషి త్వరగా కోలుకుని రేడియేషన్‌కు చేరడం కూడా అంతే ముఖ్యం. చెయ్యీ కాలూ పడిపోయి మంచానికి అంటుకుపోతే ఎక్కువ తీసినందువల్ల వచ్చిన లాభం హరించుకుపోతుంది.

ఇక ఆరు నెలల సంగతి. నార్వేలో రెండు ఆసుపత్రుల పద్ధతులను పోల్చి చూశారు. ఒకచోట ఎక్కువగా బయాప్సీ చేసి ఆగేవాళ్లు, రెండోచోట ముందే గడ్డ తీసేవాళ్లు. 2012లో వచ్చిన ఫలితాల్లోనూ, ఆ తర్వాత ఏళ్ల తరబడి గమనించినప్పుడూ ముందే తీసినచోటే ఎక్కువమంది బతికారు. మీవారికి ఫిట్స్ వచ్చాయి, గడ్డ 4 సెంటీమీటర్లుంది. తీయగలిగిన చోట ఉంటే ఆగడంకన్నా తీయించడం వైపే మేము మొగ్గుతాం. చేతిదూరంలో మాట, కదలికల కేంద్రాలు ఉన్నాయా అన్నది మెదడులో ఏ చోటు ఏ పని చేస్తుందో చూపే ఫంక్షనల్ ఎమ్మారై, నరాల దారులు చూపే ట్రాక్టోగ్రఫీలతో చూసుకోవాలి.

'ముందు సూది బయాప్సీ చేసి జన్యువు తెలుసుకుని తర్వాత ఆపరేషన్ చేయకూడదా' అని మీకు అనిపించవచ్చు. సూదితో వచ్చేది బియ్యపు గింజంత ముక్క. ఐడీహెచ్ మ్యుటేషన్ గడ్డ పుట్టినప్పుడే వచ్చేది, దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది కాబట్టి ఆ గింజంత ముక్కలోనూ దొరుకుతుంది. కానీ గడ్డలో ఒక మూల మాత్రమే ముదిరి ఉంటే సూది ఆ మూలకు తగలకపోవచ్చు, గ్రేడ్ తక్కువగా వస్తుంది. అందుకే తీయగల గడ్డకు రెండుసార్లు తల తెరవడంకన్నా ఒకేసారి జాగ్రత్తగా తీసి, దాన్నే పూర్తిగా పరీక్షించడం మేలు. గడ్డ లోతున ఉండి తీయలేనప్పుడు, లేదా లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) అనుమానం ఉన్నప్పుడు సూది బయాప్సీ సరైన దారి.

ప్రశ్న: ఆపరేషన్ మధ్యలో ముక్క పంపించి, ఫలితం వచ్చాక మిగతాది తీస్తారట. ఆ కాసేపట్లో జన్యువులు కూడా తెలుస్తాయా?
– విజయవాడ

జవాబు: అప్పుడు చేసేది ఫ్రోజెన్ సెక్షన్, దానితో పాటు స్క్వాష్ స్మియర్. ముక్కను గడ్డకట్టించి పలుచగా కోసి, లేదా రెండు గాజుపలకల మధ్య నలిపి, రంగు వేసి చూస్తారు. 20 నుంచి 30 నిమిషాల్లో ఫోన్ వస్తుంది. 'ఇది గ్లయోమా', 'ఇది లింఫోమాలా ఉంది', 'ఇది వేరేచోటి నుంచి వచ్చిన క్యాన్సర్' అని చెప్పగలరు. జన్యువులు చెప్పలేరు. గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు కణాలను చీల్చి ఆకారం మార్చేస్తాయి కాబట్టి గ్రేడ్ కూడా ఖాయంగా చెప్పరు.

లింఫోమా అని వస్తే మాత్రం ఆపరేషన్ దారి అక్కడికక్కడే మారుతుంది. మెదడు లింఫోమాకు అసలు వైద్యం మెథోట్రెక్సేట్ ఆధారంగా ఇచ్చే కీమో. నిర్ధారణకు సరిపడా ముక్క తీసుకుని సర్జన్ సాధారణంగా ఆగిపోతారు. ఇక్కడే మీరు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతొకటి ఉంది. లింఫోమా అనుమానం ఉంటే బయాప్సీకి ముందు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు వీలైనంతవరకు ఇవ్వకూడదు. కొన్ని డోసులకే గడ్డ కరిగిపోయి, ముక్కలో ఏమీ దొరకక నిర్ధారణ చెడిపోతుంది. తలనొప్పి తగ్గిందని ఇంట్లో సంతోషిస్తారు, అక్కడ జాడ చెరిగిపోతుంది. అలాగని ఇప్పటికే వాడుతున్న స్టెరాయిడ్‌ని సొంతంగా ఆపేయకండి. వాడుతున్న సంగతి, ఏ రోజు మొదలుపెట్టారన్నది సర్జన్‌కి తప్పకుండా చెప్పండి.

ఆపరేషన్ టేబుల్ మీదే జన్యు ఫలితం అనేది ప్రపంచంలో కొన్నిచోట్ల మొదలైంది. 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు స్టర్జన్ అనే పద్ధతిని ప్రకటించారు. డీఎన్‌ఏ పోగును నానోపోర్ అనే సన్నని రంధ్రం గుండా పంపి చదువుతూ, దాని మీది మిథైల్ అనే రసాయన గుర్తులను కంప్యూటర్‌తో సరిపోలుస్తారు. 25 ఆపరేషన్ల మధ్యలో ప్రయత్నిస్తే 18 సార్లు గంటన్నర లోపే సరైన జవాబు వచ్చింది. మిగతా 7 సార్లు కంప్యూటర్‌కు తగినంత నమ్మకం కుదరలేదు, తప్పు జవాబు మాత్రం ఇవ్వలేదు. అదే ఏడాది అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ముక్కకు రంగు వేయకుండానే లేజర్‌తో బొమ్మ తీసి, 90 సెకన్లలో ఐడీహెచ్, 1పీ/19క్యూ, ఏటీఆర్ఎక్స్ అనే ఇంకో జన్యువు మార్పులను అంచనా వేసే డీప్‌గ్లయోమా పద్ధతి తెచ్చారు. సగటున 93 శాతం సరిగ్గా చెప్పింది. ఇది జన్యువును చదవడం కాదు, కణాల రూపం చూసి ఊహించడం.

ప్రశ్న: మా అక్కకు 46 ఏళ్లు. బయాప్సీ రిపోర్టులో 'డిఫ్యూజ్ ఆస్ట్రోసైటోమా, గ్రేడ్ 2 లక్షణాలు, ఐడీహెచ్1 ఆర్132హెచ్ నెగెటివ్, ఏటీఆర్ఎక్స్ రిటెయిన్డ్' అని రాశారు. గ్రేడ్ 2 అంటే చిన్నదే కదా, మూడు నెలలాగి స్కాన్ తీయించుకుంటే చాలని బంధువులంటున్నారు.
– కర్నూలు

జవాబు: ఆగకండి. ఈ రిపోర్టు సగంలో ఆగిన రిపోర్టు.

ఐడీహెచ్1 ఆర్132హెచ్ అన్నది రంగుపరీక్ష. ఒక్క మ్యుటేషన్‌నే పట్టుకుంటుంది. గ్లయోమాల్లో వచ్చే ఐడీహెచ్ మ్యుటేషన్లలో దాదాపు 90 శాతం ఇదే. మిగతా పది శాతం ఐడీహెచ్1లో వేరే మార్పులు, ఐడీహెచ్2లో మార్పులు. అవి ఈ రంగుకు అందవు. అందుకే 55 ఏళ్లలోపు వాళ్లలో రంగుపరీక్ష నెగెటివ్ వస్తే అక్కడితో ఆపకుండా సీక్వెన్సింగ్ చేయాలి. అంటే జన్యువులో ఆ చోటు అక్షరాలను నేరుగా చదవాలి.

సీక్వెన్సింగ్‌లో మ్యుటేషన్ బయటపడితే 1పీ/19క్యూ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే మీ అక్క రిపోర్టులో ఏటీఆర్ఎక్స్ నిలిచే ఉంది. అది పోయి ఉంటే ఆస్ట్రోసైటోమా అని తేలిపోయేది. 1పీ/19క్యూ కోసం చేసే ఫిష్ పరీక్ష క్రోమోజోమ్ చేతిలో ఒక్క చిన్న చోటునే చూస్తుంది. చేతిలో కొంత ముక్క మాత్రమే పోయినా మొత్తం పోయినట్టు చూపించగలదు. గడ్డ రూపానికీ ఫిష్ ఫలితానికీ పొంతన కుదరకపోతే ఇంకో పద్ధతిలో చూడమని అడగాలి.

సీక్వెన్సింగ్‌లోనూ ఐడీహెచ్ మామూలుగానే ఉందనుకోండి, అప్పుడే అసలు భయం. టెర్ట్ జన్యువు ప్రమోటర్ (ముందుభాగం)లో మ్యుటేషన్, ఈజీఎఫ్ఆర్ జన్యువు ప్రతులు విపరీతంగా పెరగడం, క్రోమోజోమ్ 7 ఎక్కువై క్రోమోజోమ్ 10 తగ్గడం – ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా, మైక్రోస్కోప్ కింద గ్రేడ్ 2లా కనిపించినా అది గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ 4. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణలో ఇది స్పష్టంగా ఉంది. గడ్డ మెదడు నడిమధ్యలో, అంటే థాలమస్, మెదడుకాండం దగ్గర ఉంటే హెచ్3 కే27ఎం అనే జన్యు మార్పు కూడా చూడాలి.

అలా తేలితే బంధువులు చెప్పిన మూడు నెలలు గడ్డకు ఇచ్చిన మూడు నెలలవుతాయి. వారాల లోపే రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కీమో మాత్ర మొదలుపెట్టాలి. తీయగలిగే చోట ఉంటే బయాప్సీతో సరిపెట్టకుండా మళ్లీ ఆపరేషన్ గురించి ఆలోచించాలి. ఈ జన్యు మార్పులేవీ లేకపోతే గడ్డ వేరే అరుదైన రకమై ఉండవచ్చు. పిల్లల్లో వచ్చే కొన్ని రకాలు పెద్దవాళ్లలోనూ కనిపిస్తాయి. అప్పుడు మిథైలేషన్ ప్రొఫైలింగ్ ఉపయోగపడుతుంది. జర్మనీలోని హైడల్‌బర్గ్ పరిశోధకులు 2018లో ప్రకటించిన పద్ధతి ఇది. గడ్డ డీఎన్‌ఏ మీది వేలకొద్దీ గుర్తులను పోల్చి ఏ కుటుంబానికి చెందిందో చెబుతుంది.

రంగుపరీక్షలకు సాధారణంగా వారం, సీక్వెన్సింగ్‌కు రెండు నుంచి నాలుగు వారాలు పడతాయి. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల్లో మొదలవుతుంది కాబట్టి ఈ పరీక్షల్ని ఒకటి అయ్యాక ఇంకొకటి అని వాయిదా వేయకండి. ఈరోజే బ్లాక్ (మైనంలో పోసి దాచిన గడ్డ ముక్క) పంపించమని అడగండి.

ప్రశ్న: మా తమ్ముడు వరంగల్‌లో ఉంటాడు. 36 ఏళ్లు. గ్రేడ్ 2 ఆస్ట్రోసైటోమా, ఐడీహెచ్ మ్యుటేషన్ ఉంది. ఆపరేషన్ తర్వాతి స్కాన్‌లో మాట కేంద్రానికి దగ్గరగా 3 సీసీలు మిగిలిందన్నారు. మెలకువగా ఉంచి రెండో ఆపరేషన్ చేస్తామంటున్నారు. ఇక్కడ వొరాసిడెనిబ్ అనే మాత్ర వచ్చింది కదా, అది వాడితే రెండో ఆపరేషన్ తప్పుతుందా?
– డల్లాస్, అమెరికా

జవాబు: మొదట ఆ 3 సీసీలు నిజంగా గడ్డేనా అని ఖాయం చేసుకోవాలి. ఆపరేషన్ తర్వాతి ఎమ్మారై 48 గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల్లో తీయాలి. ఆ తర్వాత గాయం మానేటప్పటి వాపు, రక్తం చేరిక గడ్డలాగే కనిపిస్తాయి. పక్కనే కాసేపు రక్తం అందక దెబ్బతిన్న మెదడు కూడా ఫ్లెయిర్‌లో తెల్లగా ఉంటుంది. డిఫ్యూజన్ బొమ్మతో దాన్ని వేరుచేయవచ్చు. మూడు నెలల తర్వాత మళ్లీ ఒక స్కాన్ తీస్తే మిగిలింది ఎంతో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

వొరాసిడెనిబ్ గురించి: మ్యుటేషన్ వచ్చిన ఐడీహెచ్ ఎంజైము 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థాన్ని తయారుచేసి కణాలను దారి తప్పిస్తుంది. ఈ మాత్ర ఆ ఎంజైమును ఆపుతుంది. 2023లో వచ్చిన ఇండిగో పరీక్షలో 331 మంది పాల్గొన్నారు. గడ్డ మళ్లీ పెరగకుండా గడిచిన కాలం మాత్రతో 27.7 నెలలు, ఉత్తుత్తి మాత్రతో 11.1 నెలలు. అమెరికాలో 2024 ఆగస్టులో అనుమతి వచ్చింది. ఆపరేషన్ అయిన గ్రేడ్ 2 గడ్డలకు, 12 ఏళ్లు నిండినవాళ్లకు ఇస్తారు. పెద్దవాళ్లకు రోజుకు 40 మిల్లీగ్రాములు. లివర్ పరీక్షలు క్రమంగా చేయించుకోవాలి. కానీ ఒక సంగతి గమనించండి. ఆ పరీక్షలో ఉన్నవాళ్లందరికీ అప్పటికే ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ బదులు మాత్ర సరిపోతుందని అది నిరూపించలేదు. మాత్ర గడ్డ పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, మిగిలిన గడ్డను తీసేయదు.

కాబట్టి నిర్ణయం ఇలా ఉండాలని మా సలహా. గడ్డ ఆస్ట్రోసైటోమా కాబట్టి ఆ 3 సీసీలకు విలువ ఉంది, రెండో ఆపరేషన్ ఆలోచన సబబైనదే. కానీ అది మెలకువలో, కరెంటుతో మ్యాపింగ్ (మాట, కదలికల చోట్లు గుర్తించడం) చేయడం బాగా అలవాటున్న బృందం చేతిలోనే జరగాలి. మ్యాపింగ్ మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2012లో లెక్కగడితే, శాశ్వతంగా తీవ్రమైన లోపం మిగిలినవాళ్లు మ్యాపింగ్ చేసినచోట 3.4 శాతం, చేయనిచోట 8.2 శాతం. మాట ఉన్నది సరిగ్గా ఆ ముక్కలోనే అని మ్యాపింగ్‌లో తేలితే అక్కడ ఆపేసి బయటికి రావాలి. అప్పుడు వొరాసిడెనిబ్ అక్కరకొస్తుంది. మన దేశంలో అది దొరికే దారి, ఖర్చు ట్యూమర్ బోర్డు (కేసును కలిసి చర్చించే డాక్టర్ల బృందం)లోని మెడికల్ ఆంకాలజిస్టుతో ముందే మాట్లాడుకోండి.

మెలకువ ఆపరేషన్ ఎలా ఉంటుందో తెలిస్తే మీ తమ్ముడికి భయం తగ్గుతుంది. తల తెరిచేటప్పుడు మత్తు ఇస్తారు, నెత్తిచర్మానికి తిమ్మిరి మందు వేస్తారు. మెదడుకు నొప్పి తెలియదు. తర్వాత లేపి, ఎదురుగా తెర మీద కొన్ని సెకన్లకొక బొమ్మ చూపిస్తారు. 'ఇది గొడుగు', 'ఇది తాళం' అని పూర్తి వాక్యం చెప్పాలి. 'ఇది' అనడంలో కిటుకుంది. సర్జన్ 5 మిల్లీమీటర్ల ఎడంగా ఉన్న రెండు మొనలతో మెదడు మీద సన్నని కరెంటు తాకిస్తారు. ఆ క్షణంలో 'ఇది... ఇది...' అని ఆగిపోయి గొడుగు అన్న మాట దొరకకపోతే అది పేర్లు దాచుకున్న చోటు. 'ఇది' కూడా రాకపోతే నోరు కదిపే చోటు. అక్కడ చిన్న కాగితపు అంకె అతికిస్తారు, దాని చుట్టూ దాదాపు ఒక సెంటీమీటరు ముట్టరు. కరెంటుకు ఫిట్స్ వస్తే పోయడానికి చల్లటి సెలైన్ పక్కనే సిద్ధంగా ఉంటుంది.

ఆపరేషన్‌కు ముందు మీరు పట్టుబట్టాల్సింది ఒకటుంది. బొమ్మల పరీక్ష తెలుగులో జరగాలి. ఇంట్లో తెలుగు, ఉద్యోగంలో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకు రెండు భాషల చోట్లూ మెదడులో పూర్తిగా ఒకటే కావు. ఒక భాషలో మాత్రమే పరీక్షిస్తే రెండోది తెగిపోవచ్చు. మీ తమ్ముడికి ఇంగ్లిష్ కూడా రోజువారీ అవసరమైతే రెండూ పరీక్షించమనండి. ముందురోజే బొమ్మలన్నీ చూపించి, తడబడ్డవాటిని తీసేయాలి. లేకపోతే టేబుల్ మీద తడబాటు కరెంటు వల్లనో, అసలు ఆ పేరే తెలియకో అర్థం కాదు. తెలుగు రాని బృందమైతే బొమ్మలు చూపిస్తూ వినడానికి తెలుగు వచ్చిన స్పీచ్ థెరపిస్టో సైకాలజిస్టో లోపల ఉండాలి.

ఫ్రంటల్ లోబ్ లోపలి అంచు దగ్గర ఆపరేషన్ అయితే కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు మాట పెగలకపోవడం, ఒక పక్క కదలిక తగ్గడం ఉంటుంది. ఇది చాలావరకు తిరిగొస్తుంది. ముందే తెలియక ఇంటిల్లిపాదీ కుప్పకూలిపోతారు. సర్జన్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు, గ్లయోబ్లాస్టోమా. ఎంజీఎంటీ ఫలితం వచ్చాకే ఆపరేషన్ చేయించుకుందామా?
– రాజమహేంద్రవరం

జవాబు: అక్కర్లేదు, ఆగడం నష్టం కూడా. ఎంజీఎంటీ చూడాలన్నా ముక్క కావాలి, ఆ ఫలితం ఆపరేషన్ తీరును మార్చదు. అది తర్వాతి మందుల కోసం. ఎంజీఎంటీ జన్యువు ముందుభాగం మిథైల్ గుర్తులతో మూతపడి ఉంటే టెమోజోలమైడ్ బాగా పనిచేస్తుంది. ఎందుకంటే ఆ మందు చేసిన దెబ్బను బాగుచేసే ప్రొటీన్ తయారుకాదు. వయసు పైబడి బలహీనంగా ఉన్నవాళ్లకు రేడియేషన్ ఇవ్వాలా, మాత్రలొక్కటే చాలా, రెండూనా అన్నది తేల్చడానికి ఈ ఫలితం చాలా ఉపయోగం. మామూలు పద్ధతిలో 60 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ 30 రోజులకు పంచి ఇస్తారు, పెద్దవాళ్లకు 40 గ్రే 15 రోజుల్లో ముగించే పద్ధతి ఉంది.

ఆపరేషన్‌లో 5-ఏఎల్‌ఏ అనే ద్రవం తాగిస్తామంటే ఒప్పుకోండి. కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల లెక్కన మత్తుకు సుమారు మూడు గంటల ముందు ఇస్తారు. నీలి వెలుగులో గడ్డ గులాబీ ఎరుపుగా మెరుస్తుంది. జర్మనీ పరీక్షలో మెరిసే గడ్డ మొత్తం తీయగలిగింది దీనితో 65 శాతం మందిలో, మామూలు వెలుగులో 36 శాతం మందిలో. ఒక రోజంతా ఎండ, ప్రకాశవంతమైన దీపాల నుంచి కాపాడాలి, చర్మం కమిలిపోతుంది.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. చిన్నమెదడులో మెడులోబ్లాస్టోమా తీశారు. కొంచెం మెదడుకాండానికి అతుక్కుని ఉందని వదిలేశారు. డాక్టర్లు సరిగా చేయలేదేమో అని కుమిలిపోతున్నాం.
– నిజామాబాద్

జవాబు: వాళ్లు ఆగడం తప్పు కాకపోవచ్చు, పైగా పాపకు మేలు చేసి ఉండవచ్చు. మెడులోబ్లాస్టోమా ఒక్క జబ్బు కాదు. వింట్, ఎస్‌హెచ్‌హెచ్, గ్రూప్ 3, గ్రూప్ 4 అని జన్యువుల ప్రకారం నాలుగు పెద్ద కుటుంబాలు. 2016లో 787 మంది రోగుల వివరాలు చూసినప్పుడు, కుటుంబాన్ని లెక్కలోకి తీసుకున్నాక, పూర్తిగా తీసినవాళ్లకూ 1.5 చదరపు సెంటీమీటర్ల లోపు మిగిలినవాళ్లకూ బతికిన కాలంలో తేడా కనిపించలేదు. మెదడుకాండం మీద అతుక్కున్న ఆ పొరను గోకితే మింగడం, ఊపిరి, కంటి కదలికల నరాలు దెబ్బతింటాయి. చిన్నమెదడు నడిభాగం నలిగితే పిల్లలు వారాల తరబడి మాట్లాడకుండా ఉండిపోతారు.

వింట్ రకం తరచుగా మెదడుకాండం నుంచే పుడుతుంది, రక్తస్రావం ఎక్కువ. కానీ పిల్లల్లో అన్నిటికన్నా బాగా నయమయ్యేది అదే. సర్జన్‌ని అడగాల్సినవి రెండు: 72 గంటల లోపు స్కాన్‌లో మిగిలింది 1.5 చదరపు సెంటీమీటర్ల కన్నా ఎక్కువా తక్కువా, ఏ కుటుంబం అన్నది పరీక్షకు పంపారా. బీటా కెటెనిన్ రంగుపరీక్షతో మొదలుపెట్టి, సీటీఎన్‌ఎన్‌బీ1 జన్యువు, క్రోమోజోమ్ 6 చూస్తారు. ఎంత రేడియేషన్ అన్నది వీటి మీద ఆధారపడుతుంది.

ప్రశ్న: నాన్న రిపోర్టులో టీపీ53 మ్యుటేషన్ అని ఉంది. మాకూ పిల్లలకూ వస్తుందా?
– తిరుపతి

జవాబు: రిపోర్టులో ఉన్నది గడ్డ కణాల్లో వచ్చిన మార్పు. గ్లయోమాల్లో చాలావరకు అది ఆ కణాల్లోనే పుట్టి అక్కడే ఉంటుంది, పిల్లలకు రాదు. కుటుంబంలో చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్, ఎముక, కండరాల సార్కోమా, ఎడ్రినల్ గడ్డలు వచ్చినవాళ్లుంటే మాత్రం లీ-ఫ్రామెని అనే వారసత్వ జబ్బు కోసం నాన్నగారి రక్తంలో టీపీ53 చూడమని జెనెటిక్ కౌన్సెలర్‌ని అడగండి. చర్మం మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు ఆరు, అంతకన్నా ఎక్కువ ఉంటే న్యూరోఫైబ్రోమటోసిస్ అనే ఇంకో వారసత్వ జబ్బు గురించి కూడా అడగండి.

ప్రశ్న: మొదటి ఆసుపత్రిలో జన్యు పరీక్షలు లేవు. స్లైడ్లు, బ్లాక్‌లు తీసుకుని హైదరాబాద్ వెళ్లమన్నారు. ఏమేం తీసుకోవాలి?
– శ్రీకాకుళం

జవాబు: బ్లాక్ అంటే గడ్డ ముక్కను మైనంలో పోసి చేసిన చిన్న బిళ్ల. అది లేకుండా స్లైడ్లు మాత్రమే తీసుకెళ్తే చాలా పరీక్షలు చేయలేరు. పాథాలజీ విభాగంలో దరఖాస్తు రాసి ఎక్కువ గడ్డ ఉన్న బ్లాక్ ఏదో పాథాలజిస్టునే గుర్తించమనండి. బ్లాక్ నంబర్, రిపోర్టు మీది నంబర్ ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి. ఒకరి బ్లాక్ ఇంకొకరి పేరుతో వెళ్లడంకన్నా పెద్ద ప్రమాదం లేదు. బ్లాక్‌లు రెండు మూడు ఉంటే అన్నీ ఒకేసారి తీసుకెళ్లకండి, ఒకటి అక్కడే ఉంచండి. దారిలో పోయినా, పరీక్షల్లో అరిగిపోయినా మళ్లీ ముక్క కోసం తల తెరవాల్సి వస్తుంది.

మైనం 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెల ఎండలో ఆపి ఉంచిన కారు లోపల వేడి దానికి దగ్గరగా పోతుంది. బ్లాక్‌ను ప్లాస్టిక్ సంచిలో వేసి, దూదితో చుట్టి, గట్టి డబ్బాలో పెట్టుకోండి. చేతిసంచీలోనే ఉంచుకోండి, డిక్కీలో వేయకండి. స్లైడ్లు వాటి డబ్బాలోనే ఉంచండి, రబ్బరు బ్యాండు వేసి కట్టకండి.

ఇంకా ఆపరేషన్ కాని వాళ్లు ఇదే సంగతిని ముందుగా చూసుకోవచ్చు. తీసిన ముక్క వెంటనే 10 శాతం ఫార్మలిన్‌లో పడాలి. ముక్కకు పదింతలు ద్రవం ఉండాలి. నీళ్లలోనో, ఖాళీ సెలైన్‌లోనో వదిలేసి సాయంత్రం ల్యాబ్‌కి పంపితే డీఎన్‌ఏ చెడిపోతుంది. మూడు రోజులకు మించి ఫార్మలిన్‌లో నానినా చెడిపోతుంది. కరెంటుతో కాల్చిన ముక్కలు కూడా పనికిరావు. అందుకే గడ్డను కాల్చడానికి ముందే కాస్త పెద్ద ముక్క చల్లటి పనిముట్టుతో తీసి పక్కన పెట్టమని సర్జన్‌ని అడగండి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఉన్నచోట కొంత ముక్క తాజాగానే గడ్డకట్టించి దాచమనండి.

హైదరాబాద్‌లో పరీక్షలు పూర్తయ్యాక బ్లాక్‌ను వెనక్కి తీసుకుని, రసీదుతో మొదటి ఆసుపత్రికి అప్పగించండి. మూడేళ్లకో ఐదేళ్లకో గడ్డ తిరిగొస్తే, కొత్త ముక్కను పక్కన పెట్టి పోల్చి చూడటానికి ఆ పాత బిళ్లే కావాల్సి వస్తుంది.